‘సహాయక చికిత్స’తో వచ్చిన చిక్కు

ఇంగ్లీషులో ‘సపోర్టివ్’ అన్నా, ‘అడ్జువెంట్’ అన్నా, ‘అడ్జంక్ట్’ అన్నా మన పత్రికల్లో తరచు ‘సహాయక చికిత్స’ అనే రాసేస్తున్నాం. ఈ మూడూ ఒకటి కావు.

రొమ్ము క్యాన్సర్ గడ్డను శస్త్రచికిత్సతో తీసేశాక, కంటికి కనబడని కణాలేవైనా మిగిలి వ్యాధి తిరగబెట్టకుండా ఇచ్చే మందులు అడ్జువెంట్ చికిత్స. టీకాల్లో కలిపే అల్యూమినియం లవణాలకూ ఆ పేరే. అసలు మందుకు జతచేసేది అడ్జంక్ట్. ఈ రెంటికీ ‘సహాయక’ అన్నా పెద్ద నష్టం లేదు. ఇబ్బందల్లా ‘సపోర్టివ్’తోనే.

అండమాన్ దీవుల సంగతి చూడండి. అక్కడ ‘అండమాన్ రక్తస్రావ జ్వరం’గా పేరుపడిన జబ్బు లెప్టోస్పైరోసిస్ అని, 1993లో దిగ్లీపూర్ ప్రాంతంలో అది ప్రబలినప్పుడు జరిగిన పరిశోధనల్లో తేలింది. ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన నీటిలోంచి, బురదలోంచి బాక్టీరియా ఒంట్లోకి చేరుతుంది. పొలం పనివారికి ముప్పు ఎక్కువ. తొలిరోజుల్లోనే డాక్సీసైక్లిన్, పెన్సిలిన్ వంటివి ఇవ్వాలి. జబ్బు ముదిరితే ఊపిరితిత్తుల్లో రక్తస్రావం అవుతుంది, మూత్రపిండాలు మొరాయిస్తాయి. ఆ దశలో యాంటీబయాటిక్ ఎంత మేలు చేస్తుందో ప్రయోగాల్లో ఇంకా గట్టిగా తేలలేదు. వైద్యులు దాన్ని మానరు గానీ, రోగిని నిలబెట్టేవి ఆక్సిజన్, వెంటిలేటర్, డయాలిసిస్. మూత్రపిండాలు తేరుకునేదాకా వాటి పని యంత్రం చేస్తుంది. వీటన్నిటినీ కలిపి ‘సహాయక చికిత్స’ అంటే చదివేవారికేం తోస్తుంది? అసలు మందు దొరకలేదు, ఊరికే సెలైన్ ఎక్కిస్తున్నారని!

ఇది మాటల పట్టింపు కాదు. దిగ్లీపూర్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు (2024లో శ్రీ విజయపురంగా పేరు మారింది) రోడ్డు మీద సుమారు 300 కిలోమీటర్లు. ‘సహాయక’ చికిత్స కోసమేనా అంత దూరం అని ఒక కుటుంబం తటపటాయిస్తే పోయేది ప్రాణం. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. మన అనువాదం వారి ఇళ్లలోకీ వెళుతుంది.

సపోర్టివ్‌కు ‘ఊత చికిత్స’ అనవచ్చునని నా సూచన. ‘ప్రాణాధార చికిత్స’ గంభీరంగానే ఉంటుంది కానీ, మామూలు జ్వరంలో నీళ్లు తాగించి విశ్రాంతినివ్వడమూ సపోర్టివ్ కిందికే వస్తుంది. దానికంత పేరు బరువైపోతుంది.