తుపాను 'బలహీనపడిన' తరువాత

సముద్రమునకు 300 కిలోమీటర్లకు పైగా దూరముననున్న సిద్దిపేటలో తుపానును గూర్చిన పాఠము విద్యార్థులకు కోస్తావారి కథవలె తోచును. బోధనయు సాధారణముగా ఆ భావమునకే దోహదము చేయుచున్నది. గాలి, ఉప్పెన, మడ అడవులు, జాలరులకు హెచ్చరిక — అంతటితో అధ్యాయము ముగియును. 2025 అక్టోబరు 28 రాత్రి 'మొంథా' తుపాను నరసాపురము సమీపమున తీరము దాటినది. మరునాడు అది బలహీనపడినదని వార్తలు వెలువడుచుండగనే సిద్దిపేట జిల్లా హుస్నాబాదులో కుండపోతగా వాన కురిసి, మార్కెట్ యార్డులోని వడ్లు నీటిపాలైనవి.

ఈ 'బలహీనపడుట' అను మాటను కొంచెము పరిశీలింపవలసియున్నది. భారత వాతావరణ శాఖవారి వర్గీకరణము గాలివేగముపై ఆధారపడినది. గంటకు 31 నుండి 49 కి.మీ. వరకు వాయుగుండము, 61 వరకు తీవ్ర వాయుగుండము, 62 నుండి తుపాను. ఓడకును, కొబ్బరితోటకును, కరెంటు స్తంభమునకును ఇది సరియైన కొలబద్దయే. చెరువుకట్టకు మాత్రము కాదు.

వెచ్చని సముద్రమునుండి లేచిన ఆవిరి నీరుగా మారునపుడు విడుదలయగు గుప్తోష్ణమే తుపానుకు ఇంధనము. తీరము దాటగనే ఆ సరఫరా తగ్గును. నేల రాపిడికి గాలి మందగించును. కాని మోసికొని వచ్చిన తేమ ఒక్కసారిగా మాయము కాదు. బంగాళాఖాతమునుండి ఇంకను తేమ అందుచు, గుండము మెల్లగా కదలినచో వాన ఒకేచోట గంటల తరబడి కురియును. 2020 అక్టోబరు 13న కాకినాడ వద్ద తీరము దాటినది తుపానైనను కాదు, తీవ్ర వాయుగుండము మాత్రమే. పేరు కూడ పెట్టబడని ఆ గుండమే ఆ రాత్రి హైదరాబాదును ముంచినది.

లెక్క చూడుడు: ఒక ఎకరముపై 20 సెంటీమీటర్ల వర్షమనగా సుమారు 8 లక్షల లీటర్ల నీరు. గొలుసుకట్టు చెరువులలో పైచెరువు తెగినచో క్రిందిచెరువు గతి వేరుగ చెప్పనక్కరలేదు.

తుపాను పరిశోధన వ్యర్థమైనదని దీని భావము కాదు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేలమంది మరణించిరి. 1990 మే నెలలో అంతటి ఉధృతముగల తుపానే వచ్చినను, లక్షలాది ప్రజలను ముందుగ తరలించినందున మృతులు వేయికి లోపే. అయితే ఆ కృషియంతయు తీరమును కేంద్రముగా చేసికొని పెరిగినది. ఆశ్రయ భవనములును, ఉప్పెన గణనములును అచటనే. లోతట్టు జిల్లాలకు భారీవర్ష సూచనలు రంగులతో వెలువడుచునే యున్నవి. కాని 'రెడ్' అనగా ఏ వాగు, ఏ కల్వర్టు, ఎన్ని గంటలకు అను ప్రశ్నకు జిల్లా మొత్తమునకు పూసిన రంగు ఎట్లు జవాబు చెప్పగలదు? స్వయంచాలక వర్షమాపకములు కురిసిన వానను చెప్పును. కురిసిన వాన వాగులోనికి ఎప్పుడు చేరునో చెప్పవు.

ఆ కాలవ్యవధిని కనుగొనుట గొప్ప యంత్రములు కోరు పని కాదు. మోయతుమ్మెద వాగుపై నున్న ఒక వంతెనకు అడుగుల గుర్తులు వేసి, ఎగువనున్న పాఠశాలలో వర్షమాపకము నుంచి, రెండింటిని గంట గంటకు వ్రాసికొన్నచో నాలుగైదు వానకాలములలో పనికివచ్చు పట్టిక ఏర్పడును. తొమ్మిదవ తరగతి విద్యార్థికి చేతకాని లెక్క అందులో ఏమియు లేదు.