తాడుకు ఆ కొస, ఈ కొస

దమ్ము అనే మాటను మనం ఊపిరికీ వాడతాం, ధైర్యానికీ వాడతాం. కువైట్ ముత్యాల పడవల మీద ఆ రెండు అర్థాలూ ఒకే మనిషిలో ఉండాల్సి వచ్చేది. అతన్ని గైస్ అనేవారు, అంటే నీళ్లలో మునిగేవాడు. అతని తాడు పట్టుకుని పైన నిలబడేవాడు సైబ్. ఒకడిది ఊపిరి పని, ఇంకొకడిది రెక్కల పని. ఇద్దరినీ కలిపేది ఒక్క తాడే.

పని తీరు చూస్తే ఎవరో లెక్క కట్టి అమర్చినట్టుంటుంది. గైస్ ముక్కుకు ఫితామ్ అనే బిగింపు పెట్టుకుంటాడు. ఆల్చిప్పలు కోసుకోకుండా వేళ్లకు తోలు తొడుగులు, మెడలో తాళ్లతో అల్లిన బుట్ట. ఒక కాలు బరువు కట్టిన తాడు మీద పెట్టగానే ఆ బరువే అతన్ని అడుక్కి దింపేస్తుంది. ఈదుతూ దిగితే సగం ఊపిరి దారిలోనే అయిపోతుంది కదా! అడుగున నిమిషం, నిమిషన్నర. దొరికినన్ని చిప్పలు బుట్టలో వేసుకుని తాడు గుంజుతాడు. పైకి కూడా అతను ఈదడు, సైబ్ లాగుతాడు. పైవాడి రెక్కల బలం కిందివాడి ఊపిరిని అలా మిగిల్చిపెడుతుంది. నాకు ఈ సంప్రదాయంలో అన్నిటికన్నా నచ్చింది ఈ పొదుపే.

సైబ్‌ది ఉత్త బలం అనుకుంటే పొరపాటు. గట్టిగా ఒక్కసారి లాగడం ఎవడైనా చేస్తాడు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా, నాలుగు నెలల వేసవి సీజనంతా లాగాలంటే వీపు, తొడలు, ముంజేతులు అన్నీ ఓర్చుకోవాలి. గైస్‌లు వంతులవారీగా మునిగి, పడవెక్కి ఆయాసం తీర్చుకునేవారు. పగలు కడుపు తేలిగ్గా ఉంచేవారు: తెల్లవారుజామున కాసిని ఖర్జూరాలు, కాఫీ. చేపా అన్నం రాత్రికే. తెరచాప ఎత్తేటప్పుడు, తెడ్లు వేసేటప్పుడు నహ్హామ్ అనే పాటగాడు గొంతెత్తితే అందరి చేతులూ ఒకే ఊపున కదిలేవి. మన జాలర్ల హైలెస్సా విన్నవాళ్లకు ఆ పాట పనేమిటో విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇదంతా చదివి మురిసిపోకండి. గైస్‌ల చెవులు పగిలేవి, కళ్లు దెబ్బతినేవి. ముందుగా తీసుకున్న బాకీ తీరక మళ్లీ మళ్లీ అదే పడవ ఎక్కేవారు. వీసాకు అప్పు చేసి 'కోయిటా' (కువైట్) వచ్చిన రాయచోటి, రాజంపేట మనుషులకు ఆ బాకీ కథ కొత్తది కాదు. జపాన్ పెంపుడు ముత్యాలు ఈ వేటను దెబ్బతీశాయి. 1938లో బుర్గాన్‌లో చమురు పడింది, 1946లో ఎగుమతి మొదలైంది. సముద్రపు బతుకు మ్యూజియంలోకి వెళ్లింది. ఖాలిద్ అల్ సిద్దీక్ 1972లో తీసిన 'బస్ యా బహర్' ఆ బతుకు మీద వచ్చిన సినిమాయే.

ఇప్పటి కువైట్ కండలకు పేరు మోసింది. ఈజిప్టు నుంచి చేపలు పట్టే పనికి ఇక్కడికొచ్చిన 'బిగ్ రామీ' ఆక్సిజన్ జిమ్‌లో సాధన చేసి 2020, 2021లలో మిస్టర్ ఒలింపియా అయ్యాడు. మన కుర్రాళ్లూ డ్యూటీ దిగి నేరుగా డంబెల్స్ దగ్గరికే పోతారు. మంచిదే. కానీ ఫర్వానియా బిల్డింగుల్లో లిఫ్ట్ చెడిపోయిన రోజున మూడో అంతస్తు దగ్గరే రొప్పేవాళ్లలో ఈ కండల వీరులు ఎందరో! నడకే చాలనుకునే మధ్యవయసు వాళ్లది మరో లోటు. గ్యాస్ బండ ఎత్తబోతే నడుము పట్టేస్తుంది.

బలం, ఓర్పు రెండింటికీ కలిపి సాధన చేస్తే ఒకటి రెండోదాన్ని తినేయదా అని అడుగుతారు. అడగదగ్గ ప్రశ్నే. 1980లో రాబర్ట్ హిక్సన్ పది వారాల పరిశోధన ఒకటి ప్రచురించాడు. బలానికీ ఓర్పుకీ కలిపి గట్టిగా సాధన చేసినవాళ్లకు ఓర్పు బాగానే పెరిగింది, బలం మాత్రం ఏడెనిమిది వారాల తర్వాత పెరగడం ఆగి కాస్త తగ్గింది కూడా. అయితే వాళ్లు వారంలో ఐదు రోజులు బరువులు, ఆరు రోజులు సైకిలో పరుగో చేసినవాళ్లు. మనలో అంత చేసేదెవరు? ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, కనీసం రెండు రోజులు కండరాలకు పని. ఒకే పూట రెండూ చేయాల్సి వస్తే, బలం ముఖ్యమనుకునేవాళ్లు బరువులు ముందు కానిచ్చి, పరుగు తర్వాతకు పెట్టుకోవాలి. వీలైతే వేర్వేరు పూటలు ఇంకా మేలు. జిమ్ అక్కర్లేదు కూడా. మన తాలింఖానాల దండీలు, బస్కీలు గదిలో చాపంత చోటులో అవుతాయి. వాటినే ఆపకుండా ఎక్కువసార్లు తీస్తే దమ్ముకూ పరీక్షే.

ఎండ విషయంలో మాత్రం మొండితనం వద్దు. 2016 జూలైలో ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ నుంచి ఆగస్టు దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు బయట పని చేయించకూడదని ప్రభుత్వమే నిషేధం పెట్టింది. పగలు ఎండలో పనిచేసి వచ్చినవాడికి ఆ రాత్రి పరుగు అక్కర్లేదు, నీళ్లూ నిద్రా కావాలి.

కువైట్ సీ స్పోర్ట్స్ క్లబ్ 1986 నుంచి కుర్రాళ్లను పాత తరహా పడవల్లో ముత్యాల వేటకు పంపే యాత్ర జరుపుతోంది. బయల్దేరే రోజును దష్షా అంటారు, తిరిగొచ్చే రోజును గుఫ్ఫాల్. గుఫ్ఫాల్ రోజున సాల్మియా వైపు వెళ్లే వీలుంటే వెళ్లి చూడండి, పిల్లల్ని కూడా తీసుకెళ్లండి.