రైలుబడి: గారాబం వేరు, ప్రేమ వేరు

తెత్సుకో కురోయానగి రాసిన ‘రైలుబడి’ మా తరగతిలో చాలామంది చదివారు. ఎవరినడిగినా “రైలుపెట్టెల్లో క్లాసులు భలే ఉన్నాయి” అంటారు. నాకైతే ఆ పెట్టెల కంటే హెడ్మాస్టరు కొబాయాషి గారే ముఖ్యమనిపించింది.

ఇది కట్టుకథ కాదు. రచయిత్రి తన చిన్నప్పటి సంగతులనే 1981లో జపాన్‌లో పుస్తకంగా తెచ్చారు. అల్లరి ఎక్కువని ఒక బడివాళ్లు తొత్తోచాన్‌ను ఒకటో తరగతిలోనే పంపించేస్తారు. తోమోయే బడిలో చేరిన రోజు హెడ్మాస్టరు ఆ పిల్ల కబుర్లు నాలుగు గంటలు వింటారు.

అయితే ఆయనది గారాబం కాదు. మరుగుదొడ్డి గుంటలో పడిన పర్సు కోసం తొత్తోచాన్ మురికినంతా తోడి బయట పోస్తుంది. ఆయన తిట్టరు, సాయమూ చేయరు. అయ్యాక అంతా తిరిగి లోపల వేసేస్తావు కదా అని మాత్రం అడుగుతారు. ఆ పిల్ల వేసేస్తుంది. నమ్మి పని అప్పగిస్తే బాధ్యత దానంతటదే వస్తుందని నాకు ఇక్కడ అర్థమైంది.

చదువు సంగతీ అంతే. ఆ రోజు చేయాల్సిన పనులన్నీ టీచరు పొద్దున్నే బోర్డు మీద రాస్తారు. ఎవరికి ఇష్టమైన దానితో వాళ్లు మొదలుపెట్టొచ్చు. దాంతో ఏ పిల్లవాడికి ఏది ఇష్టమో, ఎక్కడ ఆగిపోతున్నాడో టీచరుకు తెలుస్తుంది. ప్రేమ ఉంటే చాలదు, పిల్లవాణ్ణి తెలుసుకునే దారి కూడా ఉండాలి.

నన్ను బాగా కదిలించింది తకహాషి ఘట్టం. అతని ఒళ్లు ఎదగదు. ఒకరోజు టీచరు పాఠం మధ్యలో, నీకు తోక ఉందా అని అతన్ని సరదాగా అడుగుతుంది. హెడ్మాస్టరు ఆమెను పిల్లల ముందు కాకుండా వంటింట్లో మందలిస్తారు. ఆమె చెడ్డదేం కాదు, ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో ఆలోచించలేదు, అంతే.

మా హోసూరు పక్క ఇది మాకు బాగా తెలిసిన సంగతే. పుస్తకంలో ‘వస్తున్నాడు’ అని ఉంటుంది, మా ఇండ్లలో ‘వస్తా ఉండాడు’ అంటాం. మాటల్లో తమిళం, కన్నడం కలుస్తాయి. దానికి క్లాసులో నవ్వితే చిన్నపిల్లలు మళ్లీ నోరు తెరవరు. నోరు తెరవని పిల్లకు తెలుగు ఎట్లా వస్తుంది?

పుస్తకంలో ఒక లోటుంది. తొత్తోచాన్‌ను పంపించేసిన టీచరు కష్టం రచయిత్రి పెద్దగా పట్టించుకోలేదు. తోమోయేలో ఉన్నది 50 మందికి అటూ ఇటూ. పెద్ద తరగతిని ఒక్కరే చూసుకోవాల్సిన అయివారు ఒక్కొక్కరి మాట నాలుగు గంటలు ఎట్లా వింటారు? దీనికి పుస్తకంలో జవాబు లేదు.

1945లో బాంబులు పడి ఆ రైలుపెట్టెలు కాలిపోయాయి. కాబట్టి ఇప్పుడు మనం తెచ్చుకోవాల్సింది పెట్టెలను కాదు. నాలుగు గంటలు కుదరకపోతే నాలుగు నిమిషాలైనా సరే, ఒక పిల్ల మాట నవ్వకుండా చివరిదాకా వినడం ఏ బడిలోనైనా కుదురుతుంది. అయివార్లే కాదు, పక్క బెంచీలో కూర్చునే మనమూ వినొచ్చు.