పాత ఆటలు - మీటల పొందిక

1990ల నాటి వేసవి సెలవులలో తిరుపతి, చిత్తూరు పట్టణముల మధ్యతరగతి ఇండ్లయందు పిల్లలను టీవీ ముందు కట్టిపడవేసిన ‘టీవీ గేము’లలో పెక్కింటికి మూలము, జపానుదేశపు నింటెండో సంస్థ 1983లో వెలువరించిన ఫామికామ్ యంత్రము. ఆట నిక్షిప్తమైయున్న డబ్బాను అందఱును క్యాసెట్టనియే వ్యవహరించెడివారు. అది పట్టనిచో ఊడబెఱికి, అంచున నోటితో ఊది, మరల దూర్చెడివారు. ఆ యంత్రములు తుప్పుపట్టి అటకలెక్కినను ఆ ఆటలు మాత్రము నశింపలేదు. ఒక యంత్రపు నడవడిని వేఱొక యంత్రముపై అక్షరాలా అనుసరింపజేయు ఎమ్యులేటరులను ఔత్సాహికులు రచించి, నెస్టికిల్, మేమ్ అను ప్రసిద్ధమైన వానిని 1997లోనే లోకమునకు ఉచితముగా నొసంగిరి. నేడు వసతిగృహములోని విద్యార్థి తన ల్యాప్‌టాప్‌పై కాంట్రా ఆడుచున్నాడన్న, అది ఆ పరంపర చలువయే.

అయితే బొమ్మయు ధ్వనియు యథాతథముగా వచ్చినంతమాత్రమున ఆట బ్రతికినదని నేనంగీకరింపను. గుంట అంచున మేరియో ఎగురవలసిన క్షణమును ఎఱిగినది ఆడువాని కన్ను కాదు, బొటనవ్రేలు. ఆ వ్రేలికిని తెరకును నడుమనున్న పొందిక చెడినచో, మిగిలినది చూచుటకు పనికివచ్చు చిత్రమే గాని ఆట కాదు. కావుననే కంట్రోలరును సరిదిద్దు విద్యను, పాత ఆటల సంరక్షణలో పరిశిష్టముగా గాక ప్రధానాంగముగా నెన్నవలయునని నా అభిప్రాయము.

మూలయంత్రమున ఈ వ్యవహారము మిక్కిలి సరళము. నాలుగు దిక్కులు, ఏ, బీ, సెలెక్ట్, స్టార్ట్ - వెరసి 8 మీటలు. నింటెండో కంట్రోలరులోని 4021 అను చిన్న చిప్పు ఆ ఎనిమిదింటి స్థితిని ఒక్కసారిగా పట్టి, తీగ వెంబడి ఒకదాని పిదప నొకటిగా యంత్రమునకు చేరవేయును. ఆట సాధారణముగా తెరపై బొమ్మ మాఱినప్పుడెల్ల, అనగా సెకనుకు సుమారు 60 మారులు, దానిని చదువుకొనును. నేటి కంప్యూటరునందన్ననో ప్యాడు, విండోస్, ఎమ్యులేటరు, దానిలోని ఆట అను నాలుగు మజిలీలు దాటినగాని వ్రేలి ఒత్తిడి గమ్యము చేరదు. పొలమునకు నీరందనప్పుడు మా చిత్తూరు సీమ నీరుగంటి మడియొద్ద కూర్చుండి చింతింపక, చెఱువు తూము మొదలుకొని కాలువ వెంట నడచి, గండి ఎచ్చటనో కనుగొనును. ఈ విద్యకును క్రమము అదియే.

“అన్నా, బటన్ పడలేదన్నా” అని తమ్ముడొకడు ప్యాడు తెచ్చిన వెంటనే ఎమ్యులేటరు సెట్టింగులలో చేయి పెట్టుట తగదు. తొలుత విండోస్‌లో రన్ తెఱచి ‘జాయ్.సీపీఎల్’ అని టైపు చేసి, అచ్చటి పరీక్షాపుటలో ఒక్కొక్క మీటను నొక్కి చూడవలెను. మీట పనిచేయుచున్నచో దాని సంఖ్య గల ఎఱ్ఱని వలయము వెలుగును. వెలుగనిచో దోషము ప్యాడులోనో తీగలోనో యున్నట్లు. వెలిగినచో ప్యాడు నిర్దోషి. చౌకప్యాడులలో పెక్కింటికి నడుమ ‘అనలాగ్’ అను మీటయు దానిపై ఎఱ్ఱదీపమును ఉండును. దీపము ఆఱియున్నప్పుడు దిక్కుల మీట ఎడమకఱ్ఱ (అనలాగ్ స్టిక్) కదలికగా కంప్యూటరునకు తోచును. వెలిగినప్పుడు ఆ రెండును వేఱుపడును. ఒక స్థితిలో మీటలను పొందుపఱచి వేఱొక స్థితిలో ఆడబూనినవానికి నిన్న పనిచేసిన దిక్కులు నేడు చచ్చుబడినట్లగుపించును. ప్యాడు పాడైనదని పాఱవేయుటకు ముందు ఆ దీపమును చూడవలయును.

తరువాతిది పేరునకును స్థానమునకును గల వివాదము. నింటెండో ప్యాడుపై ఏ కుడివైపునను, తరువాతి యంత్రమైన సూపర్ ఫామికామ్ నుండి బీ దిగువనను ఉండగా, ఎక్స్‌బాక్స్ ప్యాడుపై ఏ దిగువకును బీ కుడికిని మాఱినవి. అక్షరమును బట్టి అక్షరమును జతపఱచుట పైకి న్యాయముగా తోచినను, వ్రేలు గుర్తుంచుకొనునది స్థానమునే గనుక స్థానమును బట్టియే జతపఱచుట మేలు. ప్లేస్టేషను ఆటలలో వేఱొక చిక్కు గలదు: 1994లో వెలువడిన ఆ యంత్రపు తొలి ప్యాడునకు కఱ్ఱలు లేవు, కఱ్ఱలు గల డ్యూయల్‌షాక్ ప్యాడు వచ్చినది 1997లో. పాత ఆటలు కొన్ని అనలాగ్ ప్యాడును గుర్తింపనే గుర్తింపవు. 1999 నాటి ఏప్ ఎస్కేప్ అది లేనిదే నడువదు. కావున మీటల కూర్పును ఆటకొకటిగా దాచుకొనుట ఉచితము.

ప్యాడు లేనివారికి కీబోర్డే శరణ్యము. దాని దోషము దాని నిర్మాణములోనే యున్నది. సాధారణ కీబోర్డులో కీలు అడ్డు, నిలువు తీగల వలగా అమర్పబడియుండుటచే, కొన్ని కీలను మూడింటిని కలిపి నొక్కినపుడు మూడవది లెక్కకు రాదు. పరుగిడుచు, ఎగురుచు, కాల్చవలసిన కాంట్రాలో ఇది ప్రాణాంతకము. కంట్రోల్, షిఫ్ట్ కీలకు సాధారణముగా వేఱు తీగలుండును గనుక కాల్పును వానికి అప్పగింపవచ్చును. అయితే షిఫ్ట్‌ను వరుసగా ఐదుమారులు నొక్కినచో స్టిక్కీ కీస్ కిటికీ అడ్డువచ్చును. దానిని ముందే ఆపివేయవలెను. మఱియు మూలప్యాడుపై కుడి, ఎడమలను ఒకేమారు నొక్కుట దాదాపు అసాధ్యము, కీబోర్డుపై సులభము. ఆట ఊహింపని ఆ సంకేతమునకు కొన్ని ఆటలు వికలమగును. దానిని నిషేధించు ఐచ్ఛికము ఎమ్యులేటరులలో గలదు; ఉంచుటయే మంచిది.

మరల ప్యాడు సంగతి: దానిని తాకకయే పాత్ర ఒక ప్రక్కకు నడచుచున్నచో, కఱ్ఱ అడుగునున్న పొటెన్షియోమీటరు అరిగి, మధ్యస్థానమున నిలువలేకున్నదని గ్రహింపవలెను. కఱ్ఱ ఎంతలోపు కదలినను లెక్కింపరాదో తెలుపు డెడ్‌జోన్ అను అంకెను కొద్దికొద్దిగా పెంచి, నడక ఆగినచోటనే నిలుపవలెను. అంతకు మించినచో నెమ్మదిగా నడచుటకు వీలుండదు.

వీనినన్నింటిని సరిచూచిన పిమ్మటనే ఆలస్యమును గుఱించి విచారింపదగును. రెట్రోఆర్క్ అను ఎమ్యులేటరు వేదిక 2018లో ప్రవేశపెట్టిన రన్-అహెడ్ అను ఉపాయము, ఆటను కొన్ని ఫ్రేములు, అనగా తెరబొమ్మలు, ముందుగా నడిపించి, మీటకును తెరకును మధ్య ఆటలోనే ఇమిడియున్న జాప్యమును సైతము తగ్గింపగలదు. కంప్యూటరునకు శ్రమ ఎక్కువ. పాత ల్యాప్‌టాప్‌పై ఒక ఫ్రేముతో మొదలిడి, ధ్వని తెగిపడనంతవఱకే పెంచవలెను.