గూడూరులో మైనస్ నలభై

మే నెల మధ్యాహ్నం. గూడూరు హైవే పక్కన షెడ్డులో నీడకు నిలబడినా చెమట ఆగడం లేదు. స్కానర్ మాత్రం మా ఆటోమేటిక్ కారు గేర్‌బాక్స్ ఆయిల్ మైనస్ 40 డిగ్రీలంటోంది. కోడ్ పీ0713. "మన గూడూర్లో మంచు పడతా ఉందంట సార్" అని మెకానిక్ నవ్వాడు.

అంతకుముందు ఇంకోచోట గేర్‌బాక్సే దించాలన్నారు. ఈయన స్పానర్ ముట్టలేదు. ఆయిల్ వేడిని కొలిచే సెన్సర్ ఉత్త థర్మిస్టర్. వేడి పెరిగేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. సర్క్యూట్ ఎక్కడో తెగితే కంప్యూటర్ దాన్ని గడ్డకట్టే చలి అనుకుంటుంది. తెగింది ఎక్కడన్నదే ప్రశ్న.

కనెక్టర్ ఊడదీసి, పిన్నులకు ఆయిల్ చెమ్మ, పచ్చటి తుప్పు ఉన్నాయేమోనని టార్చి వేసి చూశాడు. లేవు. బండివైపు రెండు పిన్నులనూ చిన్న తీగముక్కతో కలిపాడు. తెరమీద అంకె ఒక్కసారిగా పైకి ఎగబాకింది. అంటే వైరింగూ కంప్యూటరూ బాగున్నట్టే. గేర్‌బాక్స్ వైపు మల్టీమీటర్ పెడితే 'ఓఎల్'. అంటే తెగింది లోపలే.

గేర్‌బాక్స్ ఆయిల్ పాన్ విప్పక తప్పలేదు. కొత్త సెన్సర్‌ను మాత్రం నేరుగా బిగించలేదు. పక్క అంగట్లో వేడినీళ్లు తెప్పించి, గ్లాసులో ముంచి, మీటర్ నాకు చూపించాడు. అంకెలు గబగబా దిగిపోతున్నాయి. ఇది నా నమ్మకం కోసమా, తన తృప్తి కోసమా? రెండోదేనని నాకనిపించింది.

బండి స్టార్ట్ చేశాం. స్కానర్‌లో 41, 42, 43... ఆయన అప్పటికే చేతులు తుడుచుకుంటున్నాడు.