చెమట ఆరకముందే తరగతి

ఖడక్వాస్లా జలాశయం మీద చీకటి ఇంకా వీడదు. స్క్వాడ్రన్ భవనం ముందు క్యాడెట్లు అప్పటికే వరుస కట్టి ఉంటారు. తలలు లెక్కపెట్టగానే మైదానానికి పరుగు. తాడు ఎక్కడం, చిన్-అప్‌లు, మళ్లీ పరుగు. పీటీ ముగిసిందో లేదో గదికి ఉరికి, యూనిఫాం మార్చుకుని, సైకిలెక్కి, వరుస చెదరకుండా జట్టుగా తొక్కుకుంటూ తరగతికి చేరాలి. వీపు మీద చెమట ఆరనే ఆరదు, ఎదురుగా బోర్డు మీద కలనగణితం మొదలైపోతుంది.

పుణె దగ్గరి నేషనల్ డిఫెన్స్ అకాడమీలో మూడేళ్లు, ఆరు టర్ములు ఇదే వరస. 1949లో డెహ్రాడూన్‌లో పుట్టి 1954లో ఖడక్వాస్లాకు చేరిన ఈ సంస్థలో సైన్యానికి, నౌకాదళానికి, వైమానికదళానికి కాబోయే అధికారులు కలిసి పెరుగుతారు. చేతికొచ్చేది జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం డిగ్రీ. బయట కాలేజీ పిల్లలు చదివే చదువంతా ఇక్కడా చదవాల్సిందే. దాని మీద కవాతు, ఈత, గుర్రపుస్వారీ, ఆయుధ శిక్షణ.

ఒకటి గట్టిగా పట్టుకుని ఇంకోటి వదిలేద్దామంటే కుదరదు. పరీక్షలో తప్పినా, పీటీలో తప్పినా ‘రెలిగేషన్’ తప్పకపోవచ్చు. అంటే తోటివాళ్లు ముందుకు వెళ్లిపోతుంటే ఆరు నెలలు వెనక్కి జరిగి అదే టర్ము మళ్లీ చేయడం. క్యాడెట్లకు శిక్షగా వేసే సింహగఢ్ కొండెక్కుడు కన్నా ఈ మాటంటేనే ఎక్కువ భయం.

అసలు పోరు నిద్రతో. తెల్లవారుజాము నుంచి ఒళ్లు హూనమైనవాడికి ఫ్యాను కింద కూర్చుంటే కళ్లు వాటంతటవే మూతపడతాయి. కునుకొస్తోందనిపిస్తే లేచి వెనక్కి వెళ్లి నిలబడి పాఠం వినడం సైనిక అకాడమీల్లో పాత అలవాటు. సాయంత్రం ఆటల తర్వాత గదుల్లో చదువుకునే వేళ ఉంటుంది. అప్పుడు కళ్లతో చదివితే పేజీ తిరుగుతుంది గానీ తలకెక్కదు. అందుకే చేత్తో రాసుకుంటూ చదవాలి. రేపటి యూనిఫాం, మెరుగుపెట్టిన బూట్లు ఈ రాత్రే సిద్ధం చేసుకున్నవాడికి పొద్దున పది నిమిషాలు మిగులుతాయి. లెక్కలు బాగా వచ్చినవాడు గదిలో పక్కవాడికి చెబుతాడు. వాడేమో తాడు మీద పాదాలతో పట్టు ఎలా బిగించాలో ఇతనికి చూపిస్తాడు. చేతుల బలం ఒక్కటే నమ్ముకున్నవాడు సగం తాడు దగ్గరే ఆగిపోతాడు మరి.

చదువూ కండా వేరువేరు కావని అర్థమయ్యేది శిబిరాల్లో. రెండో టర్ములో గ్రీన్‌హార్న్, నాలుగోదానిలో రోవర్, ఐదోదానిలో తోర్ణా. ఈ చివరిది శివాజీ కోట పేరు మీద పెట్టింది. వీపున బరువు, చేతిలో దిక్సూచి, ముందు కటిక చీకటి. 1:50,000 పటం మీద రెండు సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు. దిక్కు ఐదు డిగ్రీలు తప్పిందా, రెండు కిలోమీటర్లు నడిచేసరికి దాదాపు 175 మీటర్లు పక్కకు పోయినట్టే. కొండల్లో అంత దూరమంటే వేరే లోయలో దిగినట్టు. నడిచిన దూరం తెలియాలంటే వంద మీటర్లకు తనకెన్ని అడుగులు పడతాయో ముందే కొలుచుకుని ఉండాలి. ఎత్తు ఎక్కేటప్పుడు అడుగు కురచవుతుంది, లెక్క పెరుగుతుంది. ప్రతి వంద మీటర్లకూ ఒక గులకరాయిని ఈ జేబులోంచి ఆ జేబులోకి మారుస్తారు, లెక్క మరిచిపోకుండా. తరగతిలో విసుగ్గా చేసిన త్రికోణమితి అక్కడ వెంట నడిచేవాళ్లందరి దారి అవుతుంది. కాళ్లు పీకుతున్నప్పుడు కూడిక తప్పకుండా చేయగలగడం పుస్తకంతో రాదు, ఒట్టి పరుగుతోనూ రాదు.

ఈ దారిన ఇప్పుడు అమ్మాయిలూ నడుస్తున్నారు. 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశంతో ప్రవేశ పరీక్ష తలుపు తెరుచుకుంది. 2025 మే 30న మొదటి జట్టులోని 17 మంది అమ్మాయిలు మగపిల్లలతో కలిసి కవాతు చేసి పట్టభద్రులై బయటికొచ్చారు.

తెలుగు ఇళ్లలో ఆట అంటే చదువుకు శత్రువన్న భావన ఇంకా బలంగానే ఉంది. మైదానమే కనిపించని ఇంటర్ కాలేజీలు ఎన్ని లేవు! ఎంపీసీ చదివిన పిల్లవాడికి ప్రవేశ పరీక్షలో మూడు వందల మార్కుల గణితం పెద్ద బెడద కాదు, మొదటి టర్ము పరుగే చుక్కలు చూపిస్తుంది. విజయనగరం జిల్లాలో 1962లో మొదలైన కోరుకొండ సైనిక్ స్కూలు ఈ లోటును చిన్ననాడే తీరుస్తోంది. ఆరో తరగతిలో చేరినవాడికి పొద్దున పీటీ, పగలు బడి, సాయంత్రం ఆటలు కలిసి ఒకే రోజు. అటువంటి బళ్లు మనకు మరిన్ని కావాలి.

చదువూ కండా కలిసి నడిచే ఈ వరస ఖడక్వాస్లాతో ఆగదు. అక్కడి నుంచి పైలట్ శిక్షణకు వెళ్లే క్యాడెట్లు హైదరాబాద్ శివార్లలోని దుండిగల్ వైమానిక అకాడమీకి చేరతారు. దుండిగల్‌లోనూ వాతావరణశాస్త్రం, వాయుగతిశాస్త్రం పాఠాలున్నాయి. రాత్రి గదిలో ఒక మామూలు కుర్చీ వేసుకుని కూర్చుంటారు. కళ్లు మూసుకుంటారు. ఇంజను ఆగిపోతే ఏం చేయాలో వరసగా పైకి చెప్పుకుంటూ, ఎదురుగా లేని మీటల వైపు చేతులు చాస్తారు. వరస తప్పితే మళ్లీ మొదటి నుంచి.