డీపీకి ముందు అక్షరం

సోషల్ మీడియా ప్రొఫైల్‌లో ముందుగా కుదరాల్సినవి నాలుగు: పేరు, బొమ్మ, పరిచయం, ఆ మనిషిని చేరుకునే దారి. బ్లాగుకైతే వీటికి తోడు చదివించే పేజీ కావాలి. రంగులు, నేపథ్య చిత్రాలు, మెరుపులు ఆ తర్వాతి మాట. కోనసీమ నుంచి నడిచే పేజీల్లో ఈ వరస చాలాచోట్ల తలకిందులవుతోంది. ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టే ఇంటివాళ్ల పేజీ కావచ్చు, బండారులంక మగ్గం చీరల దుకాణం కావచ్చు, రాజోలు పక్కపల్లె పేరుతో గల్ఫ్‌లో ఉన్న కుర్రవాళ్లు నడుపుకొనే పేజీ కావచ్చు, తెరవగానే కొబ్బరితోపు, గోదావరి, పడవ కనిపిస్తాయి. ఎవరిదీ పేజీ, ఎక్కడుంటారు, ఫోన్ ఎలా చేయాలి అన్నవి మాత్రం వెతుక్కోవాలి.

పేరుతో మొదలుపెట్టాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో పేరు రెండుచోట్ల ఉంటుంది. ఒకటి యూజర్‌నేమ్. ఇందులో ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, చుక్క, అండర్‌స్కోర్ మాత్రమే పడతాయి, అన్నీ కలిపి 30 దాటకూడదు. రెండోది ప్రొఫైల్ మీద కనిపించే పేరు. దీన్ని తెలుగులో రాసుకోవచ్చు, వెతికేవాళ్లకు ఇదీ దొరుకుతుంది. రెండింటినీ ఇంగ్లిషు లిపిలోనే నింపడం చేతికి వచ్చిన చోటును వదులుకోవడమే. యూజర్‌నేమ్‌లో ఊరి పేరు పెట్టేవాళ్లు స్పెల్లింగ్ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ప్రభుత్వ కాగితాల్లో రాజోలు స్పెల్లింగ్‌లో జెడ్ ఉంటుంది, చివర ‘లు’ ఉండదు. విన్నది విన్నట్టు రాసుకున్న పేజీ ఆ స్పెల్లింగ్‌తో వెతికేవాళ్లకు తగలకపోవచ్చు. కొత్తపేటది ఇంకో చిక్కు. హైదరాబాద్‌లో కొత్తపేట ఉంది, విజయవాడలో ఉంది, గుంటూరులో ఉంది. కోనసీమ అన్న మాట పక్కన లేకపోతే కొరియర్ కుర్రాడికే కాదు, మ్యాపుకు కూడా అయోమయమే. ఫేస్‌బుక్‌లో సొంత ప్రొఫైల్ పేరు ఒకసారి మారిస్తే మళ్లీ 60 రోజుల దాకా మార్చనివ్వదు కాబట్టి ఆలోచించి పెట్టుకోవడం మంచిది.

పరిచయ వాక్యానికి ఒక్కో వేదిక ఒక్కో కొలత పెట్టింది. ఇన్‌స్టాగ్రామ్ 150 అక్షరాలు ఇస్తుంది, ఎక్స్ 160, వాట్సాప్ ‘అబౌట్’ 139, ఫేస్‌బుక్ 101. తెలుగులో రాస్తే చోటు చాలదని, అందుకే ఇంగ్లిషు లిపిలో తెలుగు రాస్తున్నామని చాలామంది అంటారు. లెక్క వేసి చూస్తే సంగతి వేరుగా ఉంది. కంప్యూటరు తెలుగు అక్షరాన్ని విడదీసి లెక్కపెడుతుంది. హల్లు ఒకటి, గుణింతపు గుర్తు ఒకటి, పొల్లు ఒకటి. ‘త్రే’ కంటికి ఒక్క అక్షరమే, లోపల మాత్రం నాలుగు. ఆ పద్ధతిలో ‘ఆత్రేయపురం పూతరేకులు’ అన్న మాటలు నడుమ ఖాళీతో కలిపి 20 అవుతాయి. అవే మాటలను ఇంగ్లిషు లిపిలో మామూలుగా రాసే స్పెల్లింగ్‌తో రాస్తే 24. తెలుగు వల్ల నాలుగు మిగిలాయే తప్ప తగ్గలేదు. చదివే కంటికి కలిగే సుఖం ఈ లెక్కలో లేనిది.

ఆ కొద్దిచోటులో ఏం రాయాలన్నదే అసలు నేర్పు. ‘ప్రకృతి ప్రేమికుడు’, ‘గోదావరి బిడ్డ’ లాంటి మాటలు వేల ప్రొఫైళ్ల మీద ఉన్నాయి. అవి రాసుకున్నవాళ్ల అభిమానం నిజమైనదే కావచ్చు, కానీ ఒక మనిషికీ మరో మనిషికీ తేడా చెప్పవు. ఏం పని చేస్తారు, ఎక్కడ చేస్తారు, ఎవరికోసం చేస్తారు అన్న మూడు సంగతులు ఉంటే పరిచయం నిలుస్తుంది. తినే వస్తువు అమ్మేవాళ్లయితే ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల నంబరు కూడా అక్కడే ఉండాలి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అప్పటినుంచి ఆ మాటకు విలువ పెరిగింది కాబట్టి అరువు తెచ్చుకునేవాళ్లూ పెరుగుతారు. నిజంగా ఆ ఊళ్లో చేసేవాళ్లు వీధి పేరుతో సహా చిరునామా రాసుకోవడమే దానికి విరుగుడు.

చిరునామా అనగానే మరో మాట. కోనసీమ 2022 ఏప్రిల్ 4న ప్రత్యేక జిల్లా అయింది, ఆ తర్వాత డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా అన్న పేరు వచ్చింది. అంతకుముందు తెరిచిన పేజీల్లో తూర్పు గోదావరి అన్న మాట అలాగే ఉండిపోయే అవకాశం ఎక్కువ. పాత ఫోన్ నంబరు, మూసేసిన బ్రాంచి, ఎప్పటిదో పండగ ఆఫరు కూడా ఇలాగే మిగిలిపోతాయి. ప్రొఫైల్‌ను ఒకసారి దిద్ది వదిలేయకుండా ఆరు నెలలకోసారైనా తెరిచి చదవాలి.

పేరును అందంగా చూపాలని కొందరు వంకరటింకర ఇంగ్లిషు అక్షరాలను ఏదో యాప్‌లో తయారుచేసి అతికిస్తారు. అవి నిజానికి అక్షరాలు కావు, గణితం కోసం యూనికోడ్‌లో పెట్టిన గుర్తులు. చూపులేనివాళ్ల కోసం ఫోన్‌లో ఉండే చదివే సాధనం వాటిని పేరుగా చదవలేక తడబడుతుంది, వెతుకులాటలోనూ అవి సరిగా దొరకవు. వీటిని పూర్తిగా మానేయడమే మేలు.

ఇక బొమ్మ. అమలాపురంలోనైనా రావులపాలెంలోనైనా డిజైన్ అంటే జనానికి వెంటనే తట్టేది ఫ్లెక్సీ. పది అడుగుల వెడల్పున నాలుగు ముఖాలు, రెండు రంగులు కలిసిపోయే అక్షరాలు, అంచుల్లో పూలు. రోడ్డు మీద దానికో ప్రయోజనం ఉంది. అదే డిజైన్‌ను కుదించి డీపీగా పెడితే ఫోన్‌లో సెంటీమీటరుకు కాస్త పైచిలుకు ఉండే గుండ్రటి చోటులో ముఖాలు కలిసిపోతాయి, అక్షరాలు చుక్కలవుతాయి, నాలుగు మూలలు కోతకు పోతాయి. డీపీలో ఒక్కటే ఉండాలి: ఒక ముఖం, లేదా ఒక వస్తువు, లేదా ఒక గుర్తు. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి పదకొండు ఊళ్లనుంచి వచ్చే ప్రభలు ఈ సూత్రాన్ని ఎప్పుడో పట్టుకున్నాయి. వెదుళ్లు, రంగుబట్టలు అన్నిటికీ ఉన్నవే, అయినా కాలువ దాటి వస్తున్న ప్రభను ఆ ఊరివాళ్లు దూరంనుంచే పోల్చుకుంటారు. 2023 జనవరి 26న ఢిల్లీ గణతంత్ర కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం కోసం ఎంచుకున్నది కూడా ఈ ప్రభల తీర్థాన్నే. కొబ్బరిచెట్టు ఫొటోకు కేరళతోనూ పోటీ ఉంది. ప్రభకు ఆ పోటీ లేదు. సొంత ఊరిని బొమ్మలో చూపించాలనుకునేవాళ్లు ఆలోచించాల్సింది ఇదే: ఆ ఊళ్లో తప్ప మరోచోట లేనిదేమిటి?

వస్తువును ఫొటో తీసేటప్పుడు దాని స్వభావం ఎరగాలి. పూతరేకు తెల్లటి పలచటి పొర. తెల్ల ప్లేటులో పెట్టి తీస్తే అది కనబడదు. అరిటాకు మీదో ముదురురంగు బట్ట మీదో పెట్టి, పక్కనుంచి వెలుతురు పడేలా తీస్తే పొరలు విడివిడిగా తెలుస్తాయి. చీరను ఫ్లాష్ వేసి తీయకూడదు, రంగు మారిపోతుంది. పొద్దున కిటికీ పక్క వెలుతురులో పమిట ఒకటి, అంచు ఒకటి, నేత తెలిసేలా దగ్గరగా ఒకటి తీస్తే కొనేవాళ్లు అడగబోయే ప్రశ్నలు సగం తీరతాయి. ఇన్‌స్టాగ్రామ్ 2025 జనవరిలో ప్రొఫైల్‌లోని చదరపు గళ్లను నిలువు గళ్లుగా మార్చింది. పాత చదరపు పోస్టుల్లో పక్కలకంటా రాసిన ధరలు, పేర్లు ఈ మార్పుతో కోతపడ్డాయి. అక్షరాలు ఎప్పుడూ నడిమధ్య ఉంచాలనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

చేరుకునే దారి సంగతి కోనసీమవాళ్లకు అనుభవం మీద తెలుసు. 2022 మే 24 నాటి అమలాపురం అల్లర్ల తర్వాత కొన్నాళ్లు ఇక్కడ మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. అలాంటప్పుడు పేజీ బయటివాళ్లకు కనిపిస్తూనే ఉంటుంది, జవాబు చెప్పాల్సినవాళ్లకే నెట్ ఉండదు. ‘మెసేజ్ చేయండి’ అని మాత్రమే రాసిన పేజీ ఆ రోజుల్లో మూగది. వ్యాపారం చేసేవాళ్లు ఫోన్ నంబరు, చిరునామా అక్షరాల్లోనే రాయాలి, బొమ్మలో కాదు. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో చిరునామాకు, తెరిచే వేళలకు, సరుకుల పట్టికకు విడివిడిగా చోటుంది. ఆ యాప్ ఉండి కూడా గడులు ఖాళీగా వదిలేసినవాళ్లు చాలామంది.

సొంత ప్రొఫైల్‌లో మాత్రం ఇది తిరగబడుతుంది. అక్కడ నంబరు, ఇంటి చిరునామా, పిల్లల బడి పేరు ఉండకూడదు. ముఖ్యంగా ఆడవాళ్ల ఫొటోలు తీసుకుని దొంగ ప్రొఫైళ్లు తెరిచే బెడద మన దేశంలో ఎక్కువ కావడంతో ఫేస్‌బుక్ 2017లో ప్రొఫైల్ ఫొటోకు కాపలా ఏర్పాటును ఇక్కడే మొదలుపెట్టింది. ఫొటో మీద వేసుకోడానికి ఇచ్చిన డిజైన్లను బాంధనీ, కాంథా లాంటి మన బట్టల మీది పనితనం చూసి గీయించారు. 2020 మేలో మొత్తం ప్రొఫైల్‌కే తాళం వేసుకునే వీలు వచ్చింది. ఇంట్లో చదువుకునే పిల్లలకు అకౌంటు తెరిచి ఇచ్చేవాళ్లు డీపీ పెట్టించకముందే ఈ తాళం చూపించాలి.

బ్లాగు దగ్గరికి వస్తే తెలుగు అక్షరం అసలు పరీక్ష పెడుతుంది. బ్లాగర్ 1999లో మొదలై 2003లో గూగుల్ చేతికి వచ్చింది. యూనికోడ్ తెలుగు ఇళ్లలోని కంప్యూటర్లలో కుదురుకున్నాక, వీవెన్ తయారుచేసిన లేఖిని అనే టైపింగ్ సాధనంలో రాసుకుంటూ, బ్లాగులను ఒకచోట చూపే కూడలి ద్వారా ఒకరినొకరు చదువుకుంటూ తెలుగు బ్లాగులు పెరిగాయి. అప్పటినుంచి ఇప్పటిదాకా మారని ఇబ్బంది ఒకటుంది. బ్లాగుకు దొరికే థీములు ఇంగ్లిషు కొలతల మీద కుట్టినవి. ఇంగ్లిషు అక్షరం ఒకే వరసలో నిలబడుతుంది. తెలుగు అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు. ‘క్ష్మి’, ‘స్త్రీ’ లాంటివి పైకీ కిందికీ సాగుతాయి. ఇంగ్లిషుకు సరిపోయే వరసల ఎడంలో తెలుగు పోస్తే పై వరస వత్తులు కింది వరస గుడులకు తగులుతాయి. అందుకే తెలుగు బ్లాగులో వరసల ఎడాన్ని అక్షరం పరిమాణానికి 1.7 రెట్లకు తగ్గకుండా ఉంచాలి. అక్షరాల మధ్య దూరాన్ని పెంచే సెట్టింగును ముట్టుకోకూడదు. ఇటాలిక్ తెలుగుకు పుట్టినది కాదు, దానివల్ల అక్షరం పక్కకు పడిపోయినట్టుంటుంది తప్ప నొక్కిచెప్పినట్టుండదు. రెండు అంచులూ సమంగా దిద్దడం కూడా ఫోన్‌లో బెడిసికొడుతుంది. తెలుగులో మాటలు పొడుగు, తెర ఇరుకు, వరస నడుమ పెద్ద పెద్ద ఖాళీలు మిగులుతాయి. ఎడమ అంచు దిద్ది కుడి అంచు వదిలేయడమే చక్కన.

ఫాంట్లకు ఇప్పుడు కరువు లేదు. మండలి, గిడుగు, రామభద్ర, ఎన్టీఆర్, మల్లన్న, ధూర్జటి లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. నోటో, అనేక్, హింద్ గుంటూరు కూడా ఉన్నాయి. వీటిలో శీర్షికకు పనికొచ్చేవి వేరు, పేజీలకు పేజీలు చదవడానికి పనికొచ్చేవి వేరు. రామభద్ర లావుపాటిది, శీర్షికకు నిండుగా ఉంటుంది, వ్యాసమంతా అందులో పెడితే పేజీ నల్లబడుతుంది. వ్యాసానికి మండలి, నోటో హాయి. సఖినేటిపల్లికి రేవు అవతల నరసాపురంలో పుట్టిన బాపు చేతిరాతను చూసి తయారైన ఫాంట్లంటే గోదావరివాళ్లకు ప్రాణం. అవి పెళ్లిపిలుపుకు, బ్లాగు పేరుకు అందం తెస్తాయి. కథంతా వాటిలో రాస్తే మాత్రం కన్ను అలిసిపోతుంది. ఒక బ్లాగుకు రెండు ఫాంట్లు చాలు.

డీటీపీ షాపుల్లో తయారైన రాతలతో ఇంకో గండం ఉంది. పుస్తకాలు, కరపత్రాలు అను ఫాంట్లలో కంపోజ్ చేయడం ఇప్పటికీ ఉంది. అవి యూనికోడ్ కావు. ఆ ఫైలులోంచి మాటలు తెచ్చి బ్లాగులోనో ప్రొఫైల్‌లోనో అతికిస్తే అర్థంలేని ఇంగ్లిషు గుర్తులు వస్తాయి. మార్చే సాధనాలు ఉన్నాయి గానీ, మార్చాక వత్తులు, అరసున్నలు ఒక్కొక్కటీ సరిచూడక తప్పదు. తాతగారి పద్యాలనో ఊరి గుడి చరిత్రనో బ్లాగులో పెట్టాలనుకునేవాళ్లు షాపు నుంచి బొమ్మ ఫైలు తెచ్చి అతికించి ఊరుకుంటున్నారు. బొమ్మలోని తెలుగు వెతికితే దొరకడం అరుదు. ర్యాలి గుడి గురించో పలివెల శాసనాల గురించో ఎవరో శ్రమపడి రాసినది అలా కంటికి కనిపించీ వెతుకులాటకు అందకుండా పోవడం నిజంగా బాధాకరం.

బ్లాగు అలంకారంలో మిగిలినవి చిన్న సంగతులు. ఒకప్పుడు పక్క పట్టీల్లో గడియారాలు, సందర్శకుల లెక్కలు, కదిలే బొమ్మలు నింపేవాళ్లు. ఫోన్‌లో ఆ పట్టీలు పేజీ అడుక్కి వెళ్లిపోతాయి. పాత టపాల జాబితా, విషయాల వారీ లేబుళ్లు ఉంటే సరిపోతుంది. ఫోన్ కెమెరా ఫొటో ఒక్కోటి నాలుగైదు ఎంబీలు తూగుతుంది, పెట్టేముందు కుదించకపోతే లంకల్లో సిగ్నల్ అందీ అందనిచోట పేజీ తెరుచుకోదు. అక్షరానికీ వెనక రంగుకీ తేడా బాగా తెలియాలి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అది కనీసం 4.5కి 1 ఉండాలి. ఆకుపచ్చ తోపు ఫొటో మీద పసుపు అక్షరాలు వేసే అలవాటు ఈ పరీక్షలో నెగ్గడం కష్టం.

థీమును మార్చబోయేముందు పాతదాన్ని దింపి దాచుకోవాలి. బ్లాగర్‌లో థీమ్ విభాగంలోనే బ్యాకప్ ఉంది. రాసిన టపాలకు సెట్టింగుల్లో వేరే బ్యాకప్ ఉంది, రెండూ తీసుకోవాలి. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ కూడా పెట్టినవన్నీ దింపుకోనిస్తాయి. పండగ సెలవుల్లో ఒక పూట కేటాయించి ఈ పని చేసుకోండి. మన దేశంలో లక్షలమంది ప్రొఫైళ్లు తీర్చిదిద్దుకున్న ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. అందులోని ఫొటోలు దింపుకోడానికి 2016 సెప్టెంబరు దాకా గడువిచ్చారు. ఆ గడువు దాటాక అడిగినవాళ్లకు ఏవీ తిరిగి రాలేదు.